జీర్ణాశయపు లోపొర వాపు: కారణాలు

బెంగళూరులో కడుపుమంటకు సాధారణంగా వినిపించే పేరు ‘గ్యాస్ట్రిక్’. తెలుగువారు ‘గ్యాస్’ అంటారు. పైకడుపులో మంట, పుల్లని త్రేన్పులు, వికారం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండటం, అన్నీ ఆ ఒక్క మాటలో ఒదిగిపోతాయి. ఏ భాష వైద్యునికైనా ఆ మాట అర్థమవుతుంది గాని, వ్యాధికి మూలమేమిటో దానివల్ల తెలియదు. ఈ లక్షణాలకు తరచుగా కనిపించే కారణాలలో ఒకటి జీర్ణాశయపు లోపొర వాపు. దీనినే వైద్యులు గ్యాస్ట్రైటిస్ అంటారు.

జీర్ణాశయంలో ఊరే ఆమ్లం చాలా తీవ్రమైనది. అది తన గోడనే దహించకుండా లోపొరపై ఒక జిగురు పొర పరచుకొని ఉంటుంది. ఆ రక్షణ సడలినచోట వాపు మొదలవుతుంది. ఈ విషయంలో గుంటూరు మిరపకాయపై పడే నింద చాలావరకు అన్యాయమైనది. కారం ఉన్న మంటను పెంచవచ్చును. దీర్ఘకాలపు వాపునకు అది మూలకారణం కాదు.

ప్రధాన కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ నిలువలేదని వైద్యులు చిరకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో దీనిని ప్రయోగశాలలో పెంచగలిగారు. ఇతరులు నమ్మకపోవటంతో 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే త్రాగి, కొద్దిరోజులలోనే వాపు తెచ్చుకొన్నాడు. 2005లో వారిరువురికీ నోబెల్ బహుమతి లభించింది. ఈ సూక్ష్మజీవి తన చుట్టూ అమ్మోనియాను పుట్టించి ఆమ్లపు ధాటిని తగ్గించుకొంటుంది. ఎక్కువగా బాల్యంలోనే, ఇంటివారి నుండి గాని, కలుషితమైన నీరు, ఆహారాల ద్వారా గాని సోకుతుంది. సోకినవారిలో అధికులకు ఏ బాధా ఉండదు. చికిత్స అవసరమైనవారికి సాధారణంగా 14 రోజులు యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. మంట తగ్గిందని మధ్యలో మానితే సూక్ష్మజీవి మిగిలిపోయి, ఆ మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది.

రెండవ కారణం నగరజీవితానికి మరింత దగ్గరిది. కట్టడాల పనిలో, కుట్టుమిషన్ల ముందు, ఆటో నడుపుతూ దినమంతా గడిపేవారు నడుమునొప్పికి మందుల దుకాణంలో చీటీ లేకుండానే మాత్ర కొనుక్కొంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి నొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను అణచివేస్తాయి. చిక్కేమిటంటే, జీర్ణాశయపు జిగురు పొరను నిలిపేవి కూడా ఆ పదార్థాలే. నొప్పి తగ్గుతుంది, కడుపు మండుతుంది. ఆ మంటకు మరొక ‘గ్యాస్ మాత్ర’ వచ్చి చేరుతుంది. సూది వేయించుకొంటే కడుపుకు హాని లేదన్న నమ్మకమూ సరికాదు. మందు రక్తంలో కలిసి అదే పని చేస్తుంది. పారాసిటమాల్ వల్ల ఈ బెడద చాలా తక్కువ, అయితే మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. గుండెజబ్బుకు వైద్యుడు వ్రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా మానరాదు.

మద్యం లోపొరను నేరుగా గాయపరుస్తుంది. పైత్యరసం వెనుకకు ఎగదన్నటం, శరీర రక్షణవ్యవస్థ తన కణాలపైనే దాడిచేయటం అరుదైన కారణాలు. ఈ చివరిదానివల్ల బి12 విటమిన్ కొరవడి రక్తహీనత రావచ్చును.

తారువలె నల్లని మలం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గటం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. మంటతోపాటు చెమటలు, ఆయాసం, ఎడమచేతికో దవడకో ప్రాకే నొప్పి ఉంటే అది గుండెపోటు కావచ్చును. ‘గ్యాస్’ అనుకొని ఇంట్లో కూర్చోరాదు.

ఆరోగ్యకేంద్రానికి వెళ్ళేవారు వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకొనిపోవటం మేలు. కన్నడం రానివారికి మాటలకన్న ఆ అట్టలే ఎక్కువ చెబుతాయి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పక తెలపాలి. సూక్ష్మజీవిని కనిపెట్టే శ్వాసపరీక్షకు, మలపరీక్షకు రెండు వారాల ముందే వాటిని ఆపమని వైద్యుడు చెబుతాడు. లేకుంటే సూక్ష్మజీవి ఉన్నా లేదని ఫలితం రావచ్చును.