కొలతలు ఢిల్లీవి.. కంచం కోల్‌కతాది

కోల్‌కతా: బడి పిల్లల కంచంలో పప్పు ఎన్ని గ్రాములు, కూరగాయలు ఎన్ని గ్రాములు ఉండాలో కేంద్ర మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. పాఠశాల గేటుకు ఎంత దూరం వరకు చిరుతిళ్లు అమ్మరాదో కూడా నిబంధనలు చెబుతున్నాయి. అయితే పిల్లలకు వాస్తవంగా అందే ఆహారాన్ని నిర్ణయించేది ఈ కొలతల కంటే వాటికి కేటాయించే సొమ్మేనని పశ్చిమ బెంగాల్ అనుభవం స్పష్టం చేస్తున్నది.

మధ్యాహ్న భోజన పథకం 1995 ఆగస్టు 15న ప్రారంభమైంది. తొలి సంవత్సరాలలో బెంగాల్ సహా పలు రాష్ట్రాలు వండిన భోజనానికి బదులు పిల్లలకు తిండిగింజలు పంచి ఊరుకున్నాయి. కనీసం 300 కెలోరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు గల వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. అమర్త్యసేన్ నెలకొల్పిన ప్రతీచి ట్రస్టు కూడా 2002లో తన విద్యా నివేదికలో ఇదే సిఫార్సు చేసింది.

2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల వారికి 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతుల వారికి 700 కెలోరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఇందుకోసం చిన్నపిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె వాడాలని లెక్క కట్టారు.

నాలుగు నెలల కోడికూర

2023 జనవరిలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఈ భోజనానికి కోడిమాంసం, గుడ్లు, పండ్లు అదనంగా చేర్చింది. విద్యార్థికి వారానికి 20 రూపాయల చొప్పున 371 కోట్ల రూపాయలు కేటాయించింది. ఈ కేటాయింపు ఏప్రిల్ వరకు, అంటే నాలుగు నెలలకే పరిమితమైంది. అదే ఏడాది పంచాయతీ ఎన్నికలు జరగనుండటంతో ప్రతిపక్షాలు దీనిని ఓట్ల ఎత్తుగడగా విమర్శించాయి. 

బియ్యాన్ని కేంద్రం ఉచితంగా సరఫరా చేస్తుండగా, పప్పు, కూరగాయలు, నూనె, మసాలా దినుసులు, వంటచెరకు ఖర్చును కేంద్ర, రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో భరిస్తున్నాయి. ప్రాథమిక తరగతులలో ఒక్కొక్క విద్యార్థికి రోజుకు 2022 అక్టోబర్ నుంచి 5.45 రూపాయలుగా ఉన్న ఈ మొత్తం రెండేళ్లకు పైగా మారలేదు. 2024 డిసెంబర్‌లో 6.19 రూపాయలకు, 2025 మే 1 నుంచి 6.78 రూపాయలకు పెరిగింది. అంగడిలో ఒక్క గుడ్డు కొంటే ఇందులో దాదాపు ఏమీ మిగలదు. గుడ్డు పెట్టదలచిన రాష్ట్రం సొంత నిధులు వెచ్చించవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన 'గోరుముద్ద'లో వారానికి ఐదు గుడ్లు చేర్చడం ఈ విధంగానే సాధ్యమైంది.

గేటు బయట ఫుచ్కా

ఇదిలా ఉండగా, కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా గల ఆహారాన్ని పాఠశాల క్యాంటీన్లలోను, గేటుకు 50 మీటర్ల లోపున అమ్మరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో జారీ చేసిన నిబంధనలు 2021 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. శీతల పానీయాలకు బదులు మంచినీరు, మజ్జిగ వంటివి అందుబాటులో ఉంచడం క్యాంటీన్ నిర్వాహకులకు కష్టం కాదు. కానీ పానీపూరీని పోలిన ఫుచ్కా, మరమరాలతో కలిపే ఝాల్‌మురి బండ్లు కోల్‌కతా పాఠశాలల ముంగిట తరతరాలుగా ఉన్నవే. వాటిపై ఆధారపడి బతికే కుటుంబాలు కూడా ఉన్నాయి.

బండిని 50 మీటర్లు జరిపినంత మాత్రాన పిల్లవాడి ఆకలి తీరదు. లోపల పెట్టే భోజనం కడుపు నింపితేనే బయటి చిరుతిండిపై మోజు తగ్గుతుంది. గ్రాముల లెక్కను ఏనాడో తేల్చిన మార్గదర్శకాలు, మార్కెట్ ధరలతో పాటే పెరిగే కేటాయింపును కూడా ఖాయం చేసినప్పుడే అవి కంచం దాకా చేరగలవు.