తడికి ఒక వైపు, పొడికి ఒక వైపు: దీవుల వంటింట్లో గట్టు, సింకు సర్దుకునే తీరు

శ్రీవిజయపురం: అండమాన్ రాజధానిలో విమానాశ్రయానికి చేరువగా ఉన్న ప్రాంతం లంబాలైన్. ఎండలు ముదిరిన రోజుల్లో ఇలాంటి బస్తీల వంటిళ్లలో సింకు దగ్గర నీళ్లు నింపిన బకెట్లు, డ్రమ్ములు బారులు తీరి ఉంటాయి. కుళాయి మళ్లీ ఎప్పుడు వస్తుందన్న లెక్క మీదే ఆ పూట అంట్లు తోమడం, గట్టు తుడవడం ఆధారపడతాయి. వంటగట్టును అందంగా ఉంచుకోవడమెలా అన్న ప్రశ్న ఇక్కడ అలంకరణతో మొదలు కాదు. నీటితో మొదలవుతుంది.

పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మారుస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించింది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తాకే ఈ దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయినా జనవరి నుంచి ఏప్రిల్ వరకు వానలు బాగా తగ్గిపోతాయి. నగరానికి ప్రధాన ఆధారమైన ధనీకారీ జలాశయంలో మట్టం పడిపోతే నీటి సరఫరాకు రోజుల విరామం తప్పదు. ఏడాదిలో అధిక భాగం గాలిలో విపరీతమైన తేమ, వేసవిలో కుళాయిలో నీటి కొరత: ఈ రెండు ఇబ్బందులనూ ఇక్కడి వంటిల్లు ఏకకాలంలో ఎదుర్కొంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగు. కనుక ఈ ఇబ్బంది తెలుగు ఇళ్లకూ బాగా పరిచయమైనదే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల గృహిణులకు కూడా ఇది కొత్తది కాదు.

పెరటి నుంచి గట్టు మీదికి

పాత తెలుగు లోగిళ్లలో వంట లోపల, అంట్లు తోమడం పెరట్లో నూతి దగ్గర జరిగేవి. పొయ్యి ఉన్న చోట తడి తక్కువ. నీళ్లు పారే చోట వండిన పదార్థం ఉండేది కాదు. తడినీ పొడినీ వేరు చేసే పనిని ఇంటి నిర్మాణమే చూసుకునేది.

నిలబడి వండే అమరిక వచ్చాక పరిస్థితి మారింది. నేటి అమరిక వంటిళ్లకు మూలరూపంగా చెప్పుకునేది 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె లిహోట్స్కీ రూపొందించిన ‘ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు’. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న గదిలో ఆమె పొయ్యి, సింకు, గట్టు, అరలను అడుగులు ఆదా అయ్యే వరుసలో అమర్చారు. జర్మనీలోని ఆ నగరంలో దాదాపు 10,000 ఇళ్లలో అలాంటి వంటిళ్లు నిర్మించారు. అడుగులు తగ్గాయి కానీ నీళ్లు, నిప్పు, కత్తి, వండిన అన్నం ఒకే బల్లబారున చేరాయి. వెనుకటికి ఇల్లు చేసిన విభజనను ఇప్పుడు మనం గట్టు మీదే, చేతికందే దూరంలో చేసుకోవాలి. సర్దుబాటు అంటే ప్రధానంగా ఇదే.

గట్టుకు మూడు భాగాలు

గట్టు ఎంత చిన్నదైనా దాన్ని మనసులో మూడు భాగాలుగా విడదీసుకోవచ్చు. సింకును ఆనుకొని ఉన్నది తడి భాగం. అక్కడ గిన్నెలు ఆరబెట్టే స్టాండు, సబ్బు, పీచు తప్ప మరేమీ ఉండకూడదు. పొయ్యిని ఆనుకొని ఉన్నది పొడి భాగం. పోపుల పెట్టె, నూనె, ఉప్పు అక్కడ ఉండాలి. మధ్యలోని చోటు తరగడానికి, కలపడానికి. పని లేనప్పుడు అది ఖాళీగా ఉండాలి. చూసేవారి కంటికి వంటిల్లు సర్దినట్లు అనిపించేది ఆ ఖాళీ వల్లనే.

ఏ వస్తువు గట్టు మీద ఉండాలన్నదానికి సులువైన కొలత ఒకటుంది. రోజూ వాడేది గట్టు మీద, వారానికోసారి వాడేది అరలో, పండుగకు వాడేది అటక మీద. మిక్సీ రోజూ వాడేదే కాబట్టి గట్టు మీదే ఉంటుంది. అయితే దాని తీగ తడి భాగం వైపు వెళ్లకూడదు.

ఉప్పును పొడి భాగంలో ఉంచమనడానికి కారణం ఉంది. గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తేమను పీల్చుకుని నీరవుతుంది. దీవుల్లో చాలా నెలలు తేమ ఈ గీతకు పైనే ఉంటుంది. అందుకే మూత బిగువుగా ఉన్న జాడీ లేదా గాజు సీసా అవసరం. రేకు డబ్బాలో పోసిన ఉప్పు డబ్బానూ తినేస్తుంది.

చేపల సంగతి వేరే చెప్పాలి. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఈ దీవుల్లో గణనీయంగా ఉన్నాయి. చేప వండని ఇల్లు అరుదు. పచ్చి మాంసం, చేపలకు వాడే కత్తి, పలక వేరుగా ఉండాలని, వండిన పదార్థాన్ని 2 గంటలకు మించి గది ఉష్ణోగ్రతలో వదలరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహార భద్రతా సూత్రాలు చెబుతున్నాయి. చేపను తడి భాగంలోనే శుభ్రం చేసి, ఆ చోటును వెంటనే సబ్బు నీటితో కడిగి తుడవాలి. కూరగాయలు తరిగే మధ్య భాగానికి అది రాకూడదు.

తక్కువ నీటితో అంట్లు

మామూలు కుళాయి పూర్తిగా తిప్పితే నిమిషానికి 6 నుంచి 10 లీటర్ల నీరు పోతుంది. 10 నిమిషాలు అలా వదిలి అంట్లు తోమితే కనీసం 60 లీటర్లు ఖర్చు. నగరాల్లో ఒక మనిషికి రోజు మొత్తానికి ప్రభుత్వ ప్రమాణం 135 లీటర్లు. అంటే ఒక్క పూట అంట్లకే అందులో దాదాపు సగం పోయినట్లు.

రెండు తొట్టెల పద్ధతిలో ఈ ఖర్చు బాగా తగ్గుతుంది. ముందుగా ఎంగిలి, జిడ్డు పొడిగా ఉన్నప్పుడే కొబ్బరి పీచుతోనో పాత కాగితంతోనో తీసి చెత్తబుట్టలో వేయాలి. తరువాత సబ్బుతో తోమి, 8 లీటర్ల తొట్టెలో ఒకసారి, మరో 8 లీటర్ల తొట్టెలో ఇంకోసారి ముంచి తీయాలి. మొత్తం 16 లీటర్లు. మొదట గ్లాసులు, తరువాత కంచాలు, చివర నూనె మూకుడు అన్న వరుస పాటిస్తే నీళ్లు త్వరగా మురికి కావు. బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని వేరే గిన్నెలో పట్టి మొక్కలకు పోయవచ్చు.

సింకు నుంచి వచ్చే వాసనకూ నీటికీ సంబంధం ఉంది. సింకు కింద వంపు తిరిగిన గొట్టంలో కొంత నీరు ఎప్పుడూ నిలిచి, మురుగు వాసననూ బొద్దింకలనూ అడ్డుకుంటుంది. ఇంటివారు చాలా రోజులు ఊరెళితే ఆ నీరు ఆవిరైపోవచ్చు. తిరిగి రాగానే ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు. నూనె, నెయ్యి సింకులో పారబోస్తే గొట్టంలో గడ్డకట్టి పూడిక పడుతుంది.

తడి పీచులో ఏముంది?

గట్టు మీద అతి చిన్న వస్తువైన స్పాంజి మీద అతి పెద్ద లెక్క ఉంది. జర్మనీ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో వాడిన వంటింటి స్పాంజిలో కొన్ని చోట్ల ఒక్క ఘన సెంటీమీటరుకు 5,000 కోట్లకు పైగా సూక్ష్మజీవులు కనిపించాయి. వాటిలో అన్నీ హానికరం కావు. కానీ అదే స్పాంజితో గట్టు తుడిస్తే శుభ్రం చేసినట్లు కాదు, పులిమినట్లే. స్పాంజిని వారానికోసారి మార్చడం మేలని ఆ పరిశోధకులు సూచించారు. గిన్నెల పీచు, గట్టు గుడ్డ, వేడి గిన్నెలు దించే మసిగుడ్డ వేర్వేరుగా ఉండాలి. మూడింటినీ కొక్కేలకు తగిలించి ఆరనివ్వాలి.

తడి ఆరని గోడ మూలల్లో నల్లని బూజు పడుతుంది. తేమ, బూజు ఉన్న ఇళ్లలో శ్వాసకోశ సమస్యలు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాల్లో పేర్కొంది. గట్టుకూ గోడకూ మధ్య సందును పూడ్చడం, వంట సమయంలో కిటికీ తెరిచి ఉంచడం ఇందుకు తొలి జాగ్రత్తలు.

రాయినీ ఉక్కునూ ఎరిగి

గట్టు రాయిని బట్టి శుభ్రపరిచే తీరు మారుతుంది. కడప రాయి సున్నపురాయి జాతిది. చింతపండు పులుసు, నిమ్మరసం, వినిగర్ దాని మెరుపును హరిస్తాయి. పాలరాయిదీ అదే స్వభావం. గ్రానైట్ పులుపును చాలావరకు తట్టుకుంటుంది. ఏ రాయికైనా పలుచని సబ్బు నీరు, ఆపై పొడి గుడ్డ క్షేమం.

స్టీలు సింకుకు తుప్పు పట్టదన్నది సగం నిజమే. సముద్రపు గాలిలోని ఉప్పు, బ్లీచింగ్ ద్రావణం దాని ఉపరితలంపై సన్నని గుంటలు పడేలా చేస్తాయి. తడి ఇనుప పీచునూ ఇనుప మూకుడునూ రాత్రంతా అందులో వదిలేస్తే తెల్లవారేసరికి ఎర్రని మరకలు కనిపిస్తాయి.

నిల్వ నీటికి కాపలా

నీళ్లు దాచుకోవడం తప్పనిసరి అయిన చోట దోమల బెడదా తప్పదు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఎక్కువగా శుభ్రమైన నిల్వ నీరున్న చోట గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు 8 నుంచి 10 రోజులు చాలు. అందుకే డ్రమ్ములకు బిగువైన మూత ఉండాలి. వారానికోసారి వాటిని ఖాళీ చేసి లోపలి అంచులను రుద్ది కడగాలి. ఆ గుడ్లు తడి ఆరినా నెలల తరబడి బతికి ఉండగలవు కాబట్టి నీళ్లు ఒంపేస్తే సరిపోదు. గిన్నెల స్టాండు కింది పళ్లెంలో నిలిచే నీటినీ రోజూ పారబోయాలి.

ఆ పది నిమిషాలు ఎవరివి?

ఈ సూచనలన్నీ చివరకు ఎవరో ఒకరి చేతుల మీదుగా జరగాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన సమయ వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించగా, ఆ పనులు చేసే పురుషులు 97 నిమిషాలే వెచ్చించారు. పైగా అలాంటి పనులు చేసే పురుషుల సంఖ్యే తక్కువ. గట్టు సర్దుబాటు ఇల్లాలి నైపుణ్యంగా మిగిలిపోతే, ఆమె అలసిన రోజున గట్టూ అలసిపోతుంది. ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉంటే ఎవరైనా సర్దగలరు. సర్దుబాటు వల్ల కలిగే అసలు మేలు అదే.

రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు చాలు. ఎంగిలి చెత్తబుట్టలోకి, అంట్లు తొట్టెల్లోకి, కడిగినవి స్టాండు మీదికి, గుడ్డలు కొక్కేలకు. చివరగా సింకునూ గట్టునూ పొడి గుడ్డతో తుడవాలి. దీపం ఆర్పే ముందు గట్టు మీద అరచెయ్యి ఆనించి చూడవచ్చు. చేతికి తడి తగలకపోతే ఆ రోజు పని పూర్తయినట్లే. తెల్లవారి కుళాయి వచ్చినా, రాకపోయినా ఆ వంటింట్లో మొదటి కాఫీకి చోటు సిద్ధంగా ఉంటుంది.