నాయనమ్మ కలికుండ

బీరు అనగానే సీమసరుకు, సీసాలో పొంగే నురగ గుర్తుకు వస్తాయి. కాని ఒకప్పుడు అది వంటింటి సరుకే. మధ్యయుగాల ఇంగ్లండులో దానిని కాచినవారు ఎక్కువగా యిల్లాళ్ళే. మరి మన యిళ్ళలో అటువంటి విద్య లేదా అంటే, లేకేం? దాని పేరు కలి. కొన్ని వూళ్ళలో తరవాణి అంటారు.

మార్టూరులో మా నాయనమ్మ వంటింటి మూల నల్లటి కుండ ఒకటి వుండేది. అన్నం వార్చిన గంజి చల్లారాక అందులో పోసేది. మర్నాటికి పులిసేది. మిరపకోతకూ, పత్తితీతకూ పోయేవారికి తెల్లవారకముందే ఆ కలిలో అన్నం పిసికి, వుప్పు వేసి, ఉల్లిపాయ చేతికిచ్చేది. ఎంత కలి తీసేదో అంత గంజి మళ్ళీ పోసేది. కుండను ఖాళీ కానిచ్చేది కాదు. "మా అత్తగారి కుండ" అనేది. ఆ అత్తగారికి ఎవరిచ్చారో ఆమెకూ తెలియదు.

పులుపు పుట్టించేది ప్రాణమున్న సూక్ష్మజీవులేనని 1857లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ చూపాడు. 1876లో బీరు మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. బీరుకు బార్లీగింజలను మొలకెత్తిస్తారు. మొలకలోని ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలు చేస్తుంది. కలికుండలో మొలక లేదు. అక్కడ పెత్తనమంతా పాలను తోడుకునేట్టు చేసే జాతి సూక్ష్మజీవులది. అందుచేత పులుపే గాని కైపు లేదు. విశాఖ మన్యానికి ఆనుకుని వున్న కోరాపుట్ కొండల్లో గిరిజనులు రాగులను పులియబెట్టి లందా చేసుకుంటారు. అది బీరుకు దగ్గర చుట్టం.

పులిసిన ప్రతి కుండా యింటికి మేలు చేయలేదు. బెల్లపు వూటను పులియబెట్టి, కాచి, ఆవిరి పడితే సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు దానిమీదే తిరగబడ్డారు. 1995 జనవరి 16న రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది; 1997లో సడలిపోయింది. కూలిడబ్బు సారాకు పోతే అన్నంకుండ ఖాళీ అవుతుందని ఆ తల్లులకు వేరే చెప్పాలా?

నాయనమ్మ పోయినప్పుడు యింటినిండా జనం. కలికుండ సంగతి ఎవరికీ పట్టలేదు. పన్నెండోనాడు చూస్తే నల్లగా బూజు. పారబోశాం. పద్ధతి రాసి పెట్టుకుందామంటే కొలత ఏమున్నది? "నిన్నటిది కొంచెం వుంచు" అన్న మాట ఒక్కటే ఆమె చెప్పి పోయింది. ఆ నిన్నటిదే లేకపోయె!

అమ్మ వీధి చివరి యింటికి పోయి గ్లాసెడు కలి తెచ్చింది. ఏనాడో వాళ్ళకు తోడు యిచ్చింది మా నాయనమ్మేనట. కొత్తకుండను నీళ్ళలో నానబెట్టి కడిగి, చల్లారిన గంజిలో ఆ తోడు కలిపాం. నాలుగోనాటికి మూత తీస్తే అదే వాసన.

తోడు దొరకనివారు గంజిలో గుప్పెడు అన్నం వేసి మూడు నాలుగు రోజులు వుంచినా పులుస్తుంది. పుల్లటి వాసన వస్తే మంచిదే. బూజు పట్టినా, కుళ్ళు వాసన వేసినా మొహమాటపడక పారబోయండి. కుదిరిన తరువాత మాత్రం పొరుగింటికి గ్లాసెడు యిచ్చి వుంచండి. మీ కుండ పోయిన నాడు అడగడానికి ఒక గడప వుంటుంది.