ఫోనులో చెవితీగకు చోటు ఉండాలా?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు పెద్దలు. ఈనాటి స్మార్టుఫోనుల విషయంలో ఈ మాట అక్షరాలా నిజమవుతున్నది. పదేళ్ళ క్రితం ఏ ఫోను కొన్నా, దాని అంచున ఒక చిన్న గుండ్రని రంధ్రం ఉండేది. ఇయర్‌ఫోను పిన్ను అందులో గుచ్చితే పాట వినబడేది. ఇప్పుడు ఖరీదైన ఫోనులలో చాలవరకు ఆ రంధ్రం మాయమైంది. కొద్ది ధరకు వచ్చే ఫోనులలో మాత్రం అనేకం దానిని ఇంకా నిలుపుకొన్నవి. అది ఉండవలెనా, పోవలెనా అని లోకమంతటా వాదోపవాదాలు జరుగుతున్నవి. ఇదంతా షోకుల తగాదా, మగ్గాల పేటలలో ఉండే మనకెందుకు అని కొందరు అనుకోవచ్చును. కొంచెం ఆలోచిస్తే ఇది మన ఇంటి సంగతే అని తెలుస్తుంది.

మన ఇళ్ళలో దాని ఉపయోగం

షోలాపూరు తూర్పు భాగంలో మనవారి ఇళ్ళు ఎట్లా ఉంటవో చెప్పనక్కరలేదు. సాఖర్ పేట, భద్రావతి పేట, దత్తనగర్, అశోక్ చౌక్ ప్రాంతాలలో ఒకటి రెండు గదులలో కాపురాలు చేసేవారే ఎక్కువ. బీడీ కార్మికురాళ్ళ కోసం కట్టిన గోదూతాయి పరుళేకర్ కాలనీలో 2006లో పదివేల ఇళ్ళు ఇచ్చారు. 2024 జనవరిలో కుంభారి దగ్గర రేనగర్‌లో పదిహేనువేల ఇళ్ళ తాళాలు కార్మికుల చేతికి వచ్చినవి. సొంత ఇల్లు దొరికింది, సంతోషమే. కాని అక్కడ కూడా గదులు చిన్నవే.

ఇట్టి ఇంటిలో ఒక పగటిపూట ఎట్లా గడుస్తుందో చూడండి. రాత్రి పాళీలో సాంచెలు నడిపి వచ్చిన ఇంటి యజమాని ఒక మూల ముసుగు తన్ని నిద్రపోతూ ఉంటాడు. ఇల్లాలు చాట ఒడిలో పెట్టుకొని, ఆకు కత్తిరించి, పొగాకు వేసి, దారం చుట్టి బీడీలు చేస్తూ ఉంటుంది. వెయ్యి పూర్తి కావలె. పెద్దపిల్ల ఫోనులో పాఠం వింటూ ఉంటుంది. ముసలమ్మకు హరికథో, పాత సినిమా పాటలో కావలె. ఒకరి చప్పుడు ఇంకొకరికి కంటకం. ఇక్కడ చెవిలో పెట్టుకొనే తీగయే లేని గోడకు బదులు గోడ. వంద నూటయాభై రూపాయలకు దొరికే ఆ తీగ వల్ల తండ్రి నిద్ర చెడదు, బిడ్డ చదువు ఆగదు, తల్లి చేతులు ఆగవు. 2020లో బడులు మూతబడి చదువంతా ఫోనులోకి వచ్చినప్పుడు దీని విలువ మనకు బాగా తెలిసింది.

ఒక ఇంటిలో ఒకే తీగ ఉన్నా నలుగురికీ పనికివస్తుంది. ఉదయం పిల్లది, మధ్యాహ్నం తల్లి, రాత్రి తండ్రి పెట్టుకొంటారు. ఎవరి ఫోనులో గుచ్చితే అందులో పలుకుతుంది. దానికి ఛార్జింగు లేదు, జత కలపడం లేదు, ఎక్కడ పెట్టానో అని వెతుక్కోవడం కూడా తక్కువే.

ఈ రంధ్రం పుట్టుపూర్వోత్తరాలు

ఈ సాకెట్టు నిన్న మొన్న పుట్టింది కాదు. పందొమ్మిదవ శతాబ్దం చివర టెలిఫోను ఎక్స్‌ఛేంజిలలో ఆపరేటర్లు ఒకరి లైను ఇంకొకరికి కలపడానికి తీగ తీసి బోర్డులో గుచ్చేవారు. ఆ తీగ చివర ఉన్న పిన్నే దీనికి తాత. అది పావు అంగుళం లావు ఉండేది. తరువాత ట్రాన్సిస్టర్ రేడియోలు వచ్చినప్పుడు దానిని మూడున్నర మిల్లీమీటర్లకు తగ్గించారు. 1979లో జపానులో సోనీ కంపెనీవారు వాక్‌మన్ అనే చేతి టేప్ ప్లేయరు తీసుకొనివచ్చిన పిమ్మట ఈ చిన్న పిన్ను ప్రపంచమంతటా వ్యాపించింది.

పిన్నును పరకాయించి చూస్తే దానిమీద నల్లని చారలు కనబడతవి. ఆ చారలు దానిని భాగాలుగా విడదీస్తవి. కొస భాగం ఎడమ చెవికి, తరువాతి భాగం కుడి చెవికి. మిగిలిన రెండింటిలో ఒకటి మాట్లాడే మైకుకు, ఒకటి విద్యుత్తు తిరిగి వెళ్ళడానికి. అంతే. దీనికి బ్యాటరీ అక్కరలేదు, కంపెనీ అనుమతి అక్కరలేదు. ఇరవై ఏళ్ళనాటి తీగ ఈనాటి ఫోనులో గుచ్చినా పాట వస్తుంది. ఇంతకాలం అందరికీ ఒకే కొలతతో నిలిచిన వస్తువులు యంత్రలోకంలో బహు కొద్ది.

తీసివేసినవారి వాదం

2016 సెప్టెంబరులో అమెరికాలోని ఆపిల్ కంపెనీ తన ఐఫోను 7లో ఈ రంధ్రం తీసివేసింది. ఇది ధైర్యంతో చేసిన పని అని వేదికమీద చెప్పుకొన్నారు. అదే సభలో తీగలేని ఎయిర్‌పాడ్లను కూడా ప్రకటించారు. అప్పటినుండి మిగిలిన కంపెనీలు ఒకటొకటిగా అదే దారి పట్టినవి. శాంసంగ్ కంపెనీ 2019 ఆగస్టులో నోట్ 10తో తానూ తీసివేసింది.

వారు చెప్పే కారణాలు మూడు. ఫోను లోపల చోటు చాలదు, ఆ చోటు బ్యాటరీకో కెమెరాకో కావలె అన్నది మొదటిది. రంధ్రం లేకపోతే నీరు లోపలికి పోదు అన్నది రెండవది. తీగలేని పద్ధతే రాబోయే కాలపు పద్ధతి అన్నది మూడవది.

ఇవన్నీ ఒట్టి మాటలని కొట్టివేయడం న్యాయం కాదు. చేతికి తీగ అడ్డం లేకుండా పని చేసుకోవడం నిజంగా సుఖమే. ఫోను లోపల ప్రతి మిల్లీమీటరూ లెక్కే. అయితే నీటి సంగతి మాత్రం పూర్తిగా నిలవదు. అదే శాంసంగ్ కంపెనీ 2019 ఆరంభంలో అమ్మిన గెలాక్సీ ఎస్ 10కు ఈ రంధ్రం ఉన్నది, నీటిని తట్టుకొనే గుణమూ ఉన్నది. సోనీ కంపెనీ ఫోనులలో కూడా రెండూ కలిసి ఉన్నవి. చేయదలచుకొంటే చేయవచ్చునని దీనివల్ల తేలుతున్నది. ఇక షావోమీ కంపెనీ 2018లో ఎం.ఐ. ఎ2లో తీసివేసి, మరుసటి ఏడు ఎ3లో మళ్ళీ పెట్టింది. గూగుల్ కంపెనీ కూడా ఖరీదు ఫోనులో తీసివేసిన దానిని 2019లో తక్కువ ధర పిక్సెల్ 3ఎలో తిరిగి పెట్టింది. పోయినది తిరిగి రాదనే నియమమేమీ లేదన్నమాట.

ఖర్చు ఎవరి నెత్తిన?

రంధ్రం పోతే మనకు మూడు దారులు మిగులుతవి. మొదటిది బ్లూటూత్ ఇయర్‌ఫోను. ఒక మాదిరిది కొనాలంటే ఏడెనిమిది వందలైనా కావలె. తీగ ఇయర్‌ఫోను ఒక రోజు బీడీల కూలిలో వస్తే, దీనికి కొన్ని రోజుల కూలి పోస్తాము. పైగా అందులో గోరంత బ్యాటరీలుంటవి. రెండు మూడేళ్ళకు వాటి బలం ఉడిగిపోతుంది. అతికించి మూసిన వస్తువు కాబట్టి బాగుచేసేవాడు దొరకడం కష్టం. రెండింటిలో ఒకటి జారి మోరీలో పడితే రెండవది ఒంటరిదే. పారవేసినవన్నీ చెత్తలో కలిస్తే ఆ బ్యాటరీలు ప్రమాదం కూడా.

రెండవ దారి ఛార్జింగు రంధ్రంలో పెట్టే అడాప్టరు. దీనిలో తిరకాసు ఏమిటంటే, కొన్ని అడాప్టర్లు కొన్ని ఫోనులలోనే పలుకుతవి. మూడవది నేరుగా టైప్-సి పిన్ను ఉన్న ఇయర్‌ఫోను. ఈ రెండింటిలోనూ ఛార్జింగు పెట్టినప్పుడు వినడం, వినేటప్పుడు ఛార్జింగు పెట్టడం మామూలుగా కుదరదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే రెండు ద్వారాలుండవలె గదా! పైగా టెర్రీ తువాళ్ళు, చద్దర్లు నేసే మన పేటలలో గాలిలో ఎప్పుడూ దూది పీచు ఎగురుతూనే ఉంటుంది. అది ఫోను రంధ్రాలలో చేరుతుంది. ఉన్న ఒక్క ఛార్జింగు రంధ్రానికే రెండు పనులు అప్పగిస్తే అది రెట్టింపు అరుగుతుంది. అది పాడైతే పాట పోవడమే కాదు, ఫోను చార్జింగే ఎక్కదు.

దుకాణంలో ముసలమ్మలు అడిగే ప్రశ్న వినండి. "వారీ, గీ ఫోనుకు వైరు వెట్టే జాగ యేదిరా?" "లేదవ్వా, ఇప్పుడు గిట్లనే వస్తున్నయి." "గట్లయితే నాకు పాతదే ఇయ్యి బిడ్డా." ఆ అవ్వ మాటలో అజ్ఞానం లేదు. తనకు ఏది కావలెనో ఆమెకు తెలుసు.

రేడియో సంగతి

ఈ వాదంలో ఎక్కువమంది మరచిపోయే విషయం రేడియో. ఎఫ్.ఎం. రేడియో వినడానికి ఫోనుకు ఏరియల్ కావలె. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. దానిని బాగా పట్టుకోవడానికి అందులో నాలుగవ వంతు, అంటే ముప్పాతిక మీటరు తీగ అనుకూలం. అంత పొడుగు తీగ ఫోనులో ఇమడదు. అందుకే ఇయర్‌ఫోను తీగనే ఏరియల్‌గా వాడతారు. తీగ గుచ్చకపోతే చాలా ఫోనులు రేడియో పెట్టవు. బ్లూటూత్‌కు తీగే లేదు కాబట్టి అది ఏరియల్ పని చేయలేదు.

ఇంటర్నెట్టులో వినవచ్చును గదా అంటారు. దానికి డేటా ఖర్చు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రీఛార్జి ధరలు పెంచిన సంగతి మనకు తెలిసినదే. పైగా వరదలు, గాలివానలు వచ్చి టవర్లు ఆగితే ఇంటర్నెట్టు ఉండదు. 2025 సెప్టెంబరులో సీనా నది పొంగి మన జిల్లా గ్రామాలు మునిగినవి. ఇట్టి సమయాలలో ఆకాశవాణి మాట చెవికి చేరడం ప్రాణసమానం. కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు మంత్రిత్వశాఖ 2023 ఏప్రిలులో ఫోను తయారీదార్ల సంఘాలకు ఒక సలహా పంపింది. ఎఫ్.ఎం. సదుపాయం ఉన్న ఫోనులలో దానిని మూసివేయరాదని, లేని వాటిలో చేర్చవలెనని అందులో ఉన్నది. మంచి మాట. కాని రేడియో ఉండవలెనంటే తీగ ఉండవలె, తీగ ఉండవలెనంటే దానిని గుచ్చే చోటు ఉండవలె. మొదటిదానిని కోరి చివరిదానిని మరచిపోతే, బావి తవ్వి చేద ఇవ్వనట్లే.

సాంచెల షెడ్డులో మాత్రం జాగ్రత్త

రంధ్రం ఉండవలెనన్నంత మాత్రాన తీగ అన్నిచోట్లా మంచిదని అర్థం కాదు. సాంచెల దగ్గర తీగ ఇయర్‌ఫోను పెట్టుకొని తిరగడం ప్రమాదం. నాడె కొట్టుకొంటూ, బెల్టు తిరుగుతూ ఉండగా మెడలో వేలాడే తీగ చిక్కుకొంటే క్షణంలో అనర్థం జరుగుతుంది. కాబట్టి తీగలేనిది పెట్టుకొంటాము అంటారు మన యువకులు. చిక్కుకొనే భయం తప్పుతుంది, నిజమే. ఇంకొక కీడు మాత్రం మిగిలే ఉంటుంది.

నాడె సాంచెల షెడ్డులో మోత సాధారణంగా 90 డెసిబెల్లులు దాటుతుంది. ఆ మోతలో పాట వినబడాలంటే అంతకన్న ఎక్కువగా పెట్టవలసి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్లుల ధ్వని వారానికి 40 గంటలు వినవచ్చును. 90 అయితే వారానికి 4 గంటలే. పాళీ అంతా పాట పెట్టుకొనేవాని చెవి ఏమి కావలె? అంతేకాక పక్క సాంచె మీదివాడు ప్రమాదమని కేకవేస్తే వినబడదు. షెడ్డులో పెట్టుకోవలసినవి పాటల ఇయర్‌ఫోనులు కావు, మోత తగ్గించే చెవి బిరడాలు. పాట ఇంటిదగ్గర, తగుమాత్రపు శబ్దంతో వినవలె.

మనం చేయవలసినది

ఖరీదైన ఫోను కొనేవారికి తీగలేని సౌఖ్యం కావలెనంటే వారి ఇష్టం. కాని పదివేల రూపాయలకు అటూ ఇటూగా, ఇంటిల్లిపాదికీ ఒకటో రెండో కొనే ఫోనులలో ఈ రంధ్రం నిలిచి తీరవలెనని నా అభిప్రాయం. ఆ ఇళ్ళలోనే చోటు తక్కువ, రేడియో అవసరం ఎక్కువ, రెండోసారి కొనే శక్తి లేదు. సౌకర్యం తీసివేసి, దానికి బదులు వస్తువు మళ్ళీ మనకే అమ్మడాన్ని అభివృద్ధి అనడం కష్టం.

దీనికి చట్టాల దాకా పోనక్కరలేదు. కంపెనీవాడు అమ్ముడుపోయేదే చేస్తాడు. ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు అని అడిగినట్లే, ఇయర్‌ఫోను రంధ్రం ఉన్నదా, ఎఫ్.ఎం. ఉన్నదా అని కూడా అడగండి. రంధ్రం ఉన్న ప్రతి ఫోనులోనూ ఎఫ్.ఎం. ఉండదు కాబట్టి దుకాణంలోనే తీగ గుచ్చి, స్టేషను పట్టించి చూడండి. కొన్న తరువాత రంధ్రంలో పీచు చేరితే పిన్నీసుతో పొడవక, ఫోను కట్టివేసి మెత్తని ఎండు కుంచెతో దులపండి. తీగను పిన్ను దగ్గర మడవక, వెడల్పుగా చుట్టి పెట్టుకొంటే ఎక్కువ కాలం వస్తుంది.

నూలు ఒక పోగు తెగితే చద్దరంతా చెడుతుందని మనవారికి ఒకరు చెప్పనక్కరలేదు. చిన్నదని దేనినీ చులకన చేయని వృత్తి మనది. కొనే ముందు ఒక ప్రశ్న అడగడం ఖర్చులేని పని. పదిమందీ అడిగితే దుకాణదారుడు వింటాడు, అతని నోటి మీదుగా కంపెనీవాడూ వింటాడు.