తేడా మాత్రమే పంపితే చాలు

బుజ్జీ, రాత్రయ్యేసరికి హాస్టల్ లైనంతా నిండిపోతోంది, ప్రాజెక్టు ఫైళ్లు అక్కడా ఇంటి కంప్యూటర్లోనూ ఒకేలా ఉండాలి, ఆర్‌సింక్ వాడనా సింక్‌థింగ్ పెట్టుకోనా అన్నావు. పేర్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ లైనుకున్న ఇబ్బంది ఏమిటో తేల్చుకోవాలి. ‘నెట్ స్లోగా ఉంది’ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో రెండు వేరువేరు ఇబ్బందులున్నాయి. సెకనుకు పోయే బైట్లు తక్కువ కావడం ఒకటి. ఇక్కణ్ణుంచి అడిగితే అక్కణ్ణుంచి జవాబు ఆలస్యంగా రావడం రెండోది. మొదటిదానికి పనికొచ్చే ఉపాయం రెండోదానికి అక్కరకు రాదు. చాలామంది తికమక పడేది ఇక్కడే.

మొదటిది చూద్దాం. సెకనుకు 2 మెగాబిట్ల లైను మీద 1 జీబీ ఫైలు పంపాలంటే 4,000 సెకన్లు, అంటే గంటా ఏడు నిమిషాలు. నువ్వు అందులో మార్చింది నాలుగు పేరాలే అనుకో. ఆ నాలుగే పంపితే సరిపోతుంది కదా? సరిపోతుంది. కానీ ఏవి మారాయో తెలియాలంటే పాత ప్రతీ కొత్త ప్రతీ ఒకచోట పెట్టి పోల్చాలి. ఒకచోటికి తేవాలంటే ఫైలు మొత్తం పంపాలి. మొత్తం పంపాక ఇంక పోల్చడం ఎందుకు? ఈ చిక్కుముడిని 1996లో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ ఆర్‌సింక్ రాసి విప్పారు. విండోస్ యంత్రాలతో ఫైళ్లు పంచుకోవడానికి లినక్స్ వాళ్లు వాడే సాంబా మొదలుపెట్టిందీ ఈ ట్రిడ్జెలే.

వాళ్ల ఉపాయాన్ని మన కొట్టు లెక్కల పుస్తకంతో చెబుతాను, విను. రెండు ఊళ్లలో రెండు కొట్లు, రెండుచోట్లా ఒకే ఆవర్జా. ఒక ఊళ్లో పుస్తకాన్ని కొద్దిగా దిద్దారు. రెండో ఊరివాళ్లకి ఆ మార్పులు ఫోన్లో చెప్పాలి, ఫోన్ ఖర్చు ఎక్కువ. పాత పుస్తకం దగ్గరున్న గుమాస్తా పద్దులన్నీ చదవడు. పేజీ అడుగున వేసిన మొత్తాలు మాత్రం వరసగా చదువుతాడు. కొత్త పుస్తకం దగ్గరున్న గుమాస్తా తన మొత్తాలతో సరిచూసి, కలిసిన పేజీలు వదిలేసి, కలవని పేజీల్లో పద్దులు చెబుతాడు. ఇంతవరకూ ఎవరికైనా తడుతుంది. కానీ కొత్త పుస్తకం మొదటి పేజీలో ఎవరో ఒక్క పద్దు మధ్యలో ఇరికించారనుకో. అక్కణ్ణుంచి ప్రతి పద్దూ ఒక వరస కిందికి జరిగిపోతుంది. పద్దులన్నీ పాతవే అయినా ఒక్క పేజీ మొత్తం కూడా కలవదు!

ట్రిడ్జెల్ గొప్పతనం ఇక్కడుంది. కొత్త పుస్తకం గుమాస్తాని పేజీ హద్దులు పట్టించుకోవద్దన్నాడు. ఎక్కణ్ణుంచైనా సరే ఒక పేజీకి సరిపడా వరసలు తీసుకుని కూడు, ఆ మొత్తం అవతలివాడు చదివిన జాబితాలో ఉందేమో చూడు. లేకపోతే ఒక వరస కిందికి జరుగు. జరిగినప్పుడల్లా మళ్లీ మొదట్నుంచీ కూడక్కర్లేదు, పైన వదిలిన అంకె తీసెయ్యి, కింద కొత్తగా చేరిన అంకె కలుపు. ఎంత పెద్ద పేజీ అయినా ఒక తీసివేత, ఒక కూడిక. ఎక్కడో ఒకచోట మొత్తం కలుస్తుంది. అప్పుడు ‘మీ మూడో పేజీ మా దగ్గర ఈ వరస నుంచి మొదలవుతోంది’ అని చెప్పి, ఆ పేజీ అంతా దాటేసి ముందుకెళ్తాడు. మరి వేర్వేరు పద్దులకి ఒకే మొత్తం వస్తేనో? వస్తుంది, అందుకే రెండు పరీక్షలు. మార్క్ ఆడ్లర్ పద్ధతి చూసి అల్లుకున్న 32 బిట్ల తేలిక లెక్క ముందు, అది కలిస్తేనే 128 బిట్ల ఎండీ4 అనే గట్టి లెక్క. చవక పరీక్షతో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు వడగట్టి, ఖరీదైనదాన్ని అవసరమైనచోటే వాడటం నాకు ఎప్పటికీ నచ్చే సంగతి. 2008లో వచ్చిన మూడో వెర్షన్లో ఎండీ4 బదులు ఎండీ5 వచ్చింది.

ఫలితం ఎలా ఉందంటావా? లినక్స్ 1.99.10, 2.0.0 వెర్షన్ల మీద వాళ్లే పరీక్షించారు. ఒక్కో వెర్షన్లోని ఫైళ్లన్నీ కట్టగట్టిన టార్ ఫైలు సుమారు 24 ఎంబీ. 2,441 ఫైళ్లలో 291 మారాయి. రెండు ప్రతులూ ఒకేచోట పెట్టుకుని డిఫ్ ప్రోగ్రాముతో తేడా తీస్తే 2.1 ఎంబీ వచ్చింది. ఆర్‌సింక్ అసలు ఫైలులో సుమారు 5 శాతం పంపి పని ముగించింది. రెండు ప్రతుల్నీ చూసిన డిఫ్ కన్నా, అవతలి ప్రతిని చూడనే చూడని ఆర్‌సింక్ తక్కువ బైట్లు పంపింది తల్లీ! ముప్పై ఏళ్లు కావస్తున్నా చదివినప్పుడల్లా నాకు కొత్తగానే ఉంటుంది.

ఇది పనిచెయ్యని చోటు కూడా తెలుసుకో. జిప్ చేసిన ఫైల్లో మొదట్లో ఒక్క అక్షరం మారితే ఆ తర్వాత బైట్లన్నీ మారిపోతాయి, కలవడానికి ఏమీ మిగలదు. పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసినవీ అంతే. అందుకని ప్రాజెక్టు ఫోల్డరుని జిప్ చేసి పంపకు, విడిగానే ఉంచు. దారిలో కుదించే పని ఆర్‌సింక్ తనే చేస్తుంది, జడ్ అనే ఆప్షన్ పెడితే చాలు. జిప్ తప్పదంటే, జీజిప్‌లో ‘ఆర్‌సింకబుల్’ అనే ఆప్షన్ ఉంది, మార్పు ఫైలంతా పాకకుండా ఆపుతుంది.

ఇక రెండో ఇబ్బంది, జవాబు ఆలస్యం. కాలిఫోర్నియాలో ఉన్న మీ బాబాయి లైను నీ లైను కన్నా ఎన్నో రెట్లు పెద్దది. అయినా హైదరాబాద్‌కి ఒక మాట వెళ్లి జవాబు రావడానికి సెకనులో పావు వంతు పడుతుంది. గాజు తీగలో కాంతి వేగమే సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు, దాన్ని ఎవరూ పెంచలేరు. పదివేల చిన్న ఫొటోలు పంపుతూ ఒక్కోదానికీ ఒక్కసారి జవాబు కోసం ఆగినా 2,500 సెకన్లు, అంటే 42 నిమిషాలు ఊరికే ఎదురుచూపుకే పోతాయి. ఒక్కో ఫైలుకీ తెరువు, రాయి, మూయి అంటూ నడిచే ఎస్‌ఎఫ్‌టీపీ అనే పద్ధతి ఇక్కడే చతికిలబడుతుంది. ఆర్‌సింక్ జాబితా పంపుతూనే ఫైళ్లూ పంపుతుంది, జవాబుల కోసం ఒక్కోదాని దగ్గరా ఆగదు. ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రాము మామూలుగా నాలుగు ఫైళ్లు ఒకేసారి నడుపుతుంది.

నెట్ మీద ఫైళ్లు మోసే టీసీపీ అనే పద్ధతి కూడా జవాబు రాకుండా కొంత మేరకే పంపుతుంది. పాతకాలం 64 కేబీ హద్దుతో, పావు సెకను దూరానికి, లైను ఎంత పెద్దదైనా సెకనుకు సుమారు 2 మెగాబిట్లు దాటదు. 1992లో ఆ హద్దు పెంచుకునే వీలు కల్పించారు. పైగా ఒక ప్యాకెట్ పోతే లైనులో రద్దీ ఉందనుకుని టీసీపీ వేగం తగ్గించుకుంటుంది. ఆ అణకువ ఊరికే రాలేదు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య, నాలుగు వందల గజాల దూరంలో, 32 కిలోబిట్ల లైను సెకనుకు 40 బిట్లకి పడిపోయింది. పోయిన ప్యాకెట్లను అందరూ పదేపదే పంపడమే కారణం. వాన్ జేకబ్సన్, మైక్ కారెల్స్ దాన్ని సరిదిద్దారు, 1988లో ఆ సంగతి ప్రచురించారు. ఆస్పెరా లాంటి ప్రోగ్రాములు టీసీపీ బదులు యూడీపీ మీద నడుస్తూ, ప్యాకెట్ పోవడాన్ని కాకుండా ఆలస్యం పెరగడాన్ని రద్దీకి గుర్తుగా తీసుకుంటాయి. సముద్రం దాటే పెద్ద లైన్లకి అవి బాగా పనికొస్తాయి. మీ హాస్టల్ లైనుకి మాత్రం ఆ జోరు వద్దు. ఆర్‌సింక్‌లో ‘బీడబ్ల్యూలిమిట్’ పెట్టి వేగం నువ్వే తగ్గించుకో, పక్కగది పిల్ల అమ్మతో మాట్లాడుకుంటూ ఉండచ్చు. మధ్యలో కరెంటు పోతే వచ్చినంతవరకూ దాచి ఉంచడానికి ‘పార్షియల్’ కూడా పెట్టు.

ఇప్పుడు పేర్లు. ఆర్‌సింక్ ఒకవైపే నడుస్తుంది. రెండుచోట్లా మార్పులు చేస్తావు కాబట్టి ఒకదాని మీద ఒకటి రాసి పాడుచేసే ప్రమాదం ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బెంజమిన్ పియర్స్ బృందం చేసిన యూనిసన్ పోయినసారి స్థితి గుర్తుంచుకుని, రెండువైపులా మారిన ఫైలు కనిపిస్తే నిన్నే అడుగుతుంది. నీ పనికి నేను దానికే ఓటేస్తాను. సింక్‌థింగ్ నీ ప్రమేయం లేకుండా ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది, ఇంట్లో మూడు కంప్యూటర్లుంటే ఫైళ్ల ముక్కలు ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటాయి. కానీ దాని ముక్క కనీసం 128 కేబీ, అక్షరం మారినా ఆ ముక్కంతా కదలాలి.

మొదటి ప్రతికి మాత్రం వీటిలో ఏదీ సాయం చెయ్యదు, అవతల పోల్చడానికే ఏమీ ఉండదు కదా. ఈ సెలవులకి వచ్చినప్పుడు హార్డ్ డిస్కులో తెచ్చి ఇంటి కంప్యూటర్లో వేసుకో. వెనక్కి వెళ్లాక ఆర్‌సింక్‌ని ‘స్టాట్స్’ ఆప్షన్‌తో ఒకసారి నడుపు. చివర్లో ‘లిటరల్ డేటా’, ‘మ్యాచ్డ్ డేటా’ అని రెండు అంకెలు వస్తాయి. కొద్దిగా దిద్దిన ఫైలుకే మొదటి అంకె పెద్దగా వస్తే, లైను సంగతి తర్వాత, ఫైలు దాచుకునే పద్ధతిని మార్చు.