నొప్పి చెప్పుకోలేని కడుపు

బుద్ధిమాంద్యం ఉన్నవారికి మలబద్ధకం ఎక్కువ. కదలిక, నీళ్లు తగ్గడం కొంత కారణం; మందులు మరో పెద్ద కారణం. మానసిక జబ్బుకిచ్చే క్లోజపిన్, వణుకు తగ్గించే ట్రైహెక్సిఫెనిడిల్ పేగుల కదలికను మందగింపజేస్తాయి. నొప్పని చెప్పలేక వారు తల బాదుకుంటారు, కొరుకుతారు, అన్నం తోసేస్తారు. "పిచ్చి ముదిరింది" అని ఇంట్లోవాళ్లు ఇంకో మాత్ర అడుగుతారు. అదీ అలాంటిదే అయితే పేగు ఇంకా మందగిస్తుంది! ఇంగ్లండులో డౌన్ సిండ్రోమ్ ఉన్న 33 ఏళ్ల యువకుడొకరు 2012లో మలబద్ధకం ముదిరి ప్రాణమే కోల్పోయాడు.

సెలవులకు ఊరెళ్లినప్పుడు అలాంటి తమ్ముడో, చెల్లెలో ఉంటే క్యాలెండర్లో రోజూ గుర్తు పెట్టించండి. పల్చగా కారినా విరేచనాలే అనుకోవద్దు, గట్టిపడ్డ మలం పక్కనుంచి జారేది కావచ్చు. మూడు రోజులు దాటితే డాక్టరుకు మందుల చీటీతో సహా చూపించండి. పొట్ట ఉబ్బి వాంతులైతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.