నోట్లో నువ్వుగింజ నానింది!

ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని సామెత. దానికి తోడు ధర్మరాజు శాపం ఒకటి! కర్ణుడు తమకు అన్న అవుతాడన్న మాట యుద్ధం ముగిశాక గానీ కుంతి చెప్పలేదని, ఇకమీదట ఆడవాళ్ళ దగ్గర రహస్యం నిలవకుండుగాక అని శపించాడట. నాకొకటే సందేహం. ఆ తల్లి అన్నేళ్ళు ఆ మాటను కడుపులో దాచుకుంది కదా, ఆ నిబ్బరం మీద ఒక్క సామెతయినా ఎందుకు పుట్టలేదు?

ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో ఏటా జరిగే కలయికల గురించి చదివినప్పుడు నాకు కుంతే గుర్తొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుల రహస్య సందేశాలను విప్పిన నిఘా విభాగం ఉద్యోగులు అక్కడ కలుసుకుంటారు. పాత స్నేహితులు కలుసుకోవడంలో వింతేముంది అంటారా? ఉంది. వీళ్ళలో చాలామందికి తాము చేసిన పని విలువేమిటో పూర్తిగా తెలిసింది ఇలా కలుసుకోవడం మొదలుపెట్టాకే!

బ్లెచ్లీ పార్కు రైల్వేస్టేషనుకి దగ్గర్లోనే ఉన్న ఓ పెద్ద పాత బంగళా. ముందు చెరువు, చుట్టూ తోట. యుద్ధం రోజుల్లో ఆ తోటలో చెక్క షెడ్లు వేశారు. జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో సందేశాలను గజిబిజి అక్షరాలుగా మార్చి రేడియోలో పంపేవారు. యంత్రం అమరిక మామూలుగా రోజూ మారిపోయేది. నిన్న దొరికిన కిటుకు ఇవాళ పనికిరాదన్నమాట. అలన్ ట్యూరింగ్, గార్డన్ వెల్ష్‌మన్ రూపుదిద్దిన 'బాంబ్' అనే యంత్రాలు ఆ అమరికను వెతికిపెట్టేవి. వాటిని నడిపింది నౌకాదళం మహిళా విభాగంలో చేరిన అమ్మాయిలు. మూడు షిఫ్టులు, చెవులు గింగుర్లెత్తే చప్పుడు, గంటల తరబడి నిలువుకాళ్ళ కొలువు. 1945 జనవరి నాటికి మొత్తం సంస్థలో దాదాపు 9 వేలమంది పనిచేసేవారు. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే!

చేరిన రోజే అధికార రహస్యాల చట్టం కాగితం మీద సంతకం. పక్క షెడ్డులో ఏం జరుగుతోందో అడగకూడదు. తమ షెడ్డులో సంగతి భోజనాల దగ్గర కూడా ఎత్తకూడదు. ఇంట్లోవాళ్ళు అడిగితే ఏదో గుమాస్తా పని అని సరిపెట్టాలి. యుద్ధం ముగిసింది, ఇళ్ళకు వెళ్ళిపోయారు, పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. నోరు మాత్రం విప్పలేదు. 1974లో వింటర్‌బాతమ్ అనే మాజీ అధికారి పుస్తకం రాసేదాకా గుట్టు బయటపడలేదు. అంటే దాదాపు ముప్ఫయ్యేళ్ళు! భార్యాభర్తలిద్దరూ అక్కడే పనిచేసి కూడా ఒకరికొకరు చెప్పుకోని జంటలున్నాయంటే నమ్ముతారా?

ఈ మౌనానికి వాళ్ళు చెల్లించిన ఖరీదు తక్కువేం కాదు. సంగతి బయటకొచ్చేసరికి ఎంతోమంది కన్నవాళ్ళు, తమ కూతురు ఏం సాధించిందో తెలియకుండానే వెళ్ళిపోయారు. మేవిస్ బేటీనే చూడండి. 1941లో ఆమెకు పందొమ్మిదేళ్ళు. ఆమే, తోటివాళ్ళూ ఇటలీ నౌకాదళం సందేశాలను విప్పబట్టే మటపాన్ సముద్రయుద్ధంలో బ్రిటన్ గెలవగలిగింది. జోన్ క్లార్క్ లెక్కల్లో దిట్ట. ఆమెకు జీతం పెంచాలంటే ఆడవాళ్ళకు తగిన హోదా లేదట! అందుకని కాగితాల మీద 'భాషావేత్త' అని రాశారు. ఆ హోదాకి కావలసిన పరభాష ఒక్కటీ ఆమెకు రాదు. నోరు కట్టుకోమన్నప్పుడు ఆడా మగా ఒకటే, జీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం తేడా!

అదలా ఉంచితే, 1991 నాటికి ఆ కట్టడాలను పడగొట్టి ఇళ్ళు కట్టాలన్న ఆలోచన వచ్చింది. ఊళ్ళోని చరిత్ర సంఘంవారు పాత ఉద్యోగుల్ని వెతికి పట్టుకుని, అక్టోబరులో వీడ్కోలు విందు ఏర్పాటు చేశారు. సుమారు 400 మంది వచ్చారు. వాళ్ళ కబుర్లు విన్నాక ఆ చోటుని వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. 1992లో ట్రస్టు ఏర్పడింది, ఆ వెనకే మ్యూజియమూ వచ్చింది. ఆఖరి వీడ్కోలు అనుకున్నది కాస్తా ఏటేటా కలుసుకోవడానికి నాంది అయింది.

ఈ కలయికలకు కొడుకునో మనవరాలినో తోడు తెచ్చుకుంటారు. అప్పట్లో గడప తొక్కనివ్వని షెడ్లలోకి తీరిగ్గా వెళ్ళి చూస్తారు. యంత్రం నడిపినామె, సందేశం అనువదించినామె, కార్డుల మీద వివరాలు రాసిపెట్టినామె ఎవరి ముక్క వాళ్ళు చెబుతుంటే, ఒకరి పని ఎక్కడ ఆగి మరొకరి పని ఎక్కడ మొదలయిందో తెలిసొస్తుంది. తలా ఒక చుక్క పెట్టి పొమ్మన్నవాళ్ళకి ముగ్గంతా కళ్ళపడేది అప్పుడే కదూ!

బతికున్నవాళ్ళకి ప్రభుత్వం గుర్తింపు బ్యాడ్జీ ఇచ్చింది 2009లో. యుద్ధం ముగిసిన 64 ఏళ్ళకి! 1941లో పద్ధెనిమిదో ఏట చేరిన బెటీ వెబ్, పెద్దవయసులో సభల్లో ఈ కథ చెబుతూ తిరిగారు. ఆమె 2025లో 101వ ఏట కన్నుమూశారు. ఇక మిగిలింది కొద్దిమందే, అందరూ నూరేళ్ళకు అటూ ఇటూ.

ఇదంతా పరాయి దేశం గొడవ అనుకోకండి. ఆ సంస్థకు అనుబంధంగా మన ఢిల్లీలోనూ, ఆనంద్ పర్బత్ మీది కళాశాల భవనాల్లో ఒక కేంద్రం నడిచింది. అక్కడ జపాన్ సందేశాలతో కుస్తీపట్టేవారు. అందులో పనిచేసినవాళ్ళ పేరు ఒక్కటైనా మనం విన్నామా?

దాచమన్న మాటను దాచడం గొప్పే. కాని దాచమన్నవాళ్ళు, "ఇక చెప్పుకోవచ్చు" అన్న మాట కూడా వేళకి చెప్పాలి. అమ్మానాన్నలు ఉండగా చెప్పుకోగలిగితే ఆ తృప్తే వేరు. వాళ్ళు పోయాక వచ్చిన బ్యాడ్జీ ఎవరికి చూపించుకోను?

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా నువ్వుగింజ సామెత ఎత్తితే, ఊరుకోకండి. ముప్ఫయ్యేళ్ళు నానిన గింజల కథ వినిపించండి!